కళాభవనానికి వంటశాల ఎందుకు?

మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్, ఆదివారం ఉదయం పదకొండు గంటలు. టేబుల్ మీద పరిచిన ప్లాన్ కాగితం చుట్టుకుపోకుండా నాలుగు మూలలా కాఫీ గ్లాసులు పెట్టి ఉంటాయి. ఊరు హిందూపురం కావచ్చు, కదిరి, మదనపల్లె, చింతామణి, బాగేపల్లి ఏదైనా కావచ్చు. బెంగళూరులో స్థిరపడి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న తెలుగువాళ్లు సొంతూరికి ఏదైనా చేద్దామని కూర్చుంటే గుడి, బడి అయ్యాక మూడో మాటగా కళాభవనం వస్తుంది. ఆ ప్లాన్లు ఎవరు గీసినా ఒకే అచ్చు. 800 సీట్ల ఆడిటోరియం, కార్లు ఆగే పోర్టికో, గోడకు దాతల పేర్ల గ్రానైట్ పలక. కింద కుడివైపు మూలకు చూపు పోనిస్తే చిన్న అక్షరాల్లో అసలు సంగతి కనిపిస్తుంది: 300 మందికి డైనింగ్ హాల్, వంటశాల, స్టోర్ రూమ్. స్టేజీకి చెరో పక్క అటాచ్డ్ బాత్రూమ్‌తో గ్రీన్ రూమ్ 1, గ్రీన్ రూమ్ 2. వాటిలో ఒకటి పెళ్లికూతురిది, ఇంకోటి పెళ్లికొడుకుది అని కాగితం మీద రాయరు గానీ, టేబుల్ చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు.

భవనం జాతకం ఆ మూల దగ్గరే తేలిపోతుంది. పెళ్లికి నేల చదునుగా ఉండాలి, కుర్చీలు ఎప్పటికప్పుడు తీసి వేసేలా ఉండాలి. నాటకానికి నేల వాలుగా ఉండాలి, సీట్లు బిగించి ఉండాలి. లేకపోతే నాలుగో వరుస నుంచి కనిపించేవి ముందువాళ్ల తలకాయలే. పెళ్లి మండపానికి పది పన్నెండు అడుగుల లోతున్న వేదిక సరిపోతుంది. నాటకానికి పాతిక అడుగులకు తగ్గితే కష్టం, పక్కన నటులు వచ్చిపోయే సైడ్ వింగ్స్‌కు చెరో పదడుగులు కావాలి. పెళ్లి హాలుకు కిటికీలు, వెలుతురు, నలువైపులా తలుపులు అందం. నాటకానికి, ముఖ్యంగా తోలుబొమ్మలాటకు, మిట్టమధ్యాహ్నం కూడా చిమ్మచీకటి చేసుకోగలగాలి. రెండింటికీ పనికొస్తుందని చెప్పి కట్టిన హాలు చివరికి ఒకదానికే పనికొస్తుంది. అది ఏదో చెప్పనక్కర్లేదు.

కమిటీవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. నాటక సమాజం ఇచ్చే అద్దె కరెంటు బిల్లుకు చాలదు. ఒక్క పెళ్లి అద్దెతో నెల జీతాలు గడిచిపోతాయి. అయితే ఇక్కడ క్యాలెండర్ అనే తిరకాసు ఒకటుంది. పెళ్లి ముహూర్తాలు మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో దండిగా ఉంటాయి. శివరాత్రి జాగరణ నాటకాలు, స్కూళ్ల వార్షికోత్సవాలు, ఉగాది కవి సమ్మేళనాలు, వేసవి సెలవుల పిల్లల శిబిరాలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే పడతాయి. అంటే కళలకు హాలు కావలసినప్పుడు హాలు ఖాళీ ఉండదు. ముహూర్తాలు లేని పుష్యం, ఆషాఢం, భాద్రపదం కళలకు మిగులుతాయి. కొత్త అల్లుణ్ని అత్తారింటికి రానివ్వని ఆషాఢమే కళాకారుల్ని హాల్లోకి రానిస్తుందన్నమాట.

పెళ్లిళ్లకు ఇవ్వడం తప్పేమీ కాదు, చిన్న ఊళ్లకు మంచి కల్యాణమండపం కూడా అవసరమే. తప్పల్లా కళాభవనం పేరుతో చందాలు తీసుకుని మండపం కట్టడం. ఇవ్వక తప్పదనుకుంటే ఒక దారి ఉంది. హాలును చిన్నదిగా, నాటకానికి మాత్రమే పనికొచ్చేలా, వాలు నేలతో కట్టి, బయట విశాలమైన ఆవరణను చదును చేసి, పైకప్పు వేసి, దాన్ని పెళ్లిళ్లకు ఇవ్వడం. వంటశాల ఆవరణకు ఆ చివర ఉంటుంది. వాలు నేల మీద విస్తరాకులు వేయలేరు కాబట్టి హాలు దానంతటదే బతికిపోతుంది. రూలు పుస్తకంలో రాసుకున్నది రెండో అధ్యక్షుడు మార్చేస్తాడు, కాంక్రీటుతో పోసిన వాలును మార్చడం అంత తేలిక కాదు.

ఇక 800 అనే అంకె. ఇది బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చిన బొమ్మ. రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సందర్భంగా దేశమంతా కట్టిన హాళ్లలో హైదరాబాద్ రవీంద్రభారతి 1961లో, బెంగళూరు జేసీ రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్ర 1963లో వచ్చాయి. రెండూ దాదాపు వెయ్యి మంది పట్టేవి. కళాభవనం అనగానే రెండు తరాల కళ్ల ముందు మెదిలేది ఆ రూపమే. మల్లేశ్వరం వైపు 1980లో వయొలిన్ ఆకారంలో వచ్చిన చౌడయ్య మెమోరియల్ హాల్ చూసొచ్చినవాళ్లు ఒక్కోసారి మన ఊళ్లో వీణ ఆకారంలో కడదామని కూడా అంటారు. వీణ సొరకాయలో టాయిలెట్లు ఎక్కడ పెట్టాలో ఆర్కిటెక్టుకే తెలియాలి.

చిన్న ఊరికి అంతకంటే పనికొచ్చే నమూనా అదే బెంగళూరులో, జేపీ నగర్‌లో ఉంది. నటుడు శంకర్ నాగ్ 1990లో చనిపోయాక, ఆయన కల పట్టుకుని అరుంధతీ నాగ్, మిత్రులు కలిసి నిలబెట్టిన రంగశంకర నాటకశాల 2004లో తెరుచుకుంది. సీట్లు మూడొందల పైచిలుకు. సోమవారం తప్పిస్తే దాదాపు రోజూ ఏదో ఒక నాటకం ఉంటుంది. టైమ్ దాటి వస్తే తలుపు తీయరు, అది ఎంతటివాళ్లకైనా. కోటికి పైగా జనాభా ఉన్న నగరానికి మూడొందల సీట్లు చాలినప్పుడు, అందులో పదో వంతు కూడా లేని ఊరికి 800 ఎవరి కోసం? సభాధ్యక్షుల కోసం, మంత్రిగారొచ్చే ప్రారంభోత్సవం రోజు కోసం. ఏడాదిలో ఆ ఒక్క రోజుకు షామియానా వేస్తే సరిపోతుంది. మిగతా రోజుల్లో 120 మంది వస్తే, 800 సీట్ల హాల్లో అది వెలవెలబోయిన సభ, 200 సీట్ల హాల్లో అది కిటకిటలాడిన సభ. వేదిక మీద నటుడికి ఈ రెండూ ఒకటి కావు. పైగా నటుడి కళ్లలో కదలిక కనిపించేది అరవై అడుగుల దాకానే. ఆ వెనక కూర్చున్నవాళ్లు నాటకం వింటారు తప్ప చూడరు.

సీట్ల కంటే ముందు అడగాల్సింది ఆ ఊళ్లో ఏ కళ బతికి ఉందని. ఈ ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు ప్రాంతానికి సమాధానం తేలిక. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఉన్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. పల్లెపల్లెనా చెక్కభజన, కోలాటం, పండరి భజన బృందాలు కనిపిస్తాయి. కురుక్షేత్రం, సత్యహరిశ్చంద్ర పద్యాలు కంఠతా వచ్చిన రైతులు, మాస్టార్లు, ఆర్టీసీ రిటైర్డ్ ఉద్యోగులు ఇంకా ఉన్నారు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదీదేవి గుళ్ల దగ్గర ఎండాకాలం భారతం జరుగుతుంది. రోజుల తరబడి మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఆకాశమంత ఎత్తు తపసు మాను ఎక్కుతాడు. చివరి రోజు మట్టితో నేల మీద పోసిన దుర్యోధనుడి చుట్టూ భీముడు గద పట్టుకుని తిరుగుతాడు, ఊరు ఊరంతా వెంట తిరుగుతుంది.

ఏ ఆర్కిటెక్టూ దీన్ని హాల్లో పట్టించలేడు, పట్టించాలని చూడకూడదు కూడా. చెక్కభజన గుండ్రంగా తిరిగేది, ప్రేక్షకులు చుట్టూ ఉండేది. దాన్ని తీసుకొచ్చి పెట్టెలాంటి స్టేజీ మీద వరుసగా నిలబెడితే స్కూల్ డ్రిల్లులా తయారవుతుంది. అందుకే కళాకేంద్రం అంటే ముందు ఆవరణ. వేపచెట్టు, చుట్టూ మూడు మెట్ల అరుగు, మధ్యలో మెత్తటి మట్టి నేల, నాలుగు దీపస్తంభాలకు కరెంటు పాయింట్లు. హాలు కంటే ఎంతో తక్కువ ఖర్చుతో, ఊరికి ఎక్కువ ఉపయోగపడేది ఇదే. కానీ ప్లాన్లలో ఆ జాగా పార్కింగ్ అని రాసి ఉంటుంది.

మరి హాలు ఎందుకు? ఒక బలమైన కారణం చట్టంలో ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. మూసి ఉన్న ఆడిటోరియంలు, కమ్యూనిటీ హాళ్లలో లోపలివాళ్ల కోసం వాడుకునే మైకుకు ఈ నిషేధం వర్తించదు. రాత్రి పదికి మొదలై తెల్లవారుజామున కాటి సీను దాకా సాగే పద్యనాటకానికి ఇది ప్రాణం మీదికొచ్చిన రూలు. ఇప్పుడు చాలాచోట్ల తొమ్మిదిన్నరకే పోలీసుల ఫోన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో పద్యాలు కోసేసి, రాగాలు కుదించి పాడుతున్నారు. చుట్టుపక్కల ఇళ్లకు శబ్దం పోని హాలు ఒకటి ఉంటే ఊరికి తెల్లవార్లూ జరిగే నాటకం తిరిగొస్తుంది.

ఆ హాల్లో పద్యం వినపడాలి కదా. ఇక్కడే ఎక్కువ కమిటీలు దెబ్బతింటాయి. ఈ ప్రాంతంలో గ్రానైట్ చవక. అందుకని నేలకు గ్రానైట్, గోడలకు నిలువెత్తు టైల్స్, పైన నున్నటి పీఓపీ. చూడ్డానికి నగల షాపులా ఉంటుంది. మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి చూస్తే తెలుస్తుంది, ఆ చప్పుడు మూడు సెకన్లయినా గాల్లో తిరుగుతూనే ఉంటుంది. మాట స్పష్టంగా వినాలంటే ఆ ప్రతిధ్వని సెకను లోపల, కాస్త అటూ ఇటూగా చచ్చిపోవాలి. పద్యంలో ఒక పాదం గాల్లో ఉండగానే రెండోది వచ్చి మీద పడుతుంది, హార్మోనియం రెంటినీ కలిపి రుబ్బేస్తుంది. అప్పుడు మైకు ఇంకా పెంచమంటారు, గోల ఇంకా పెరుగుతుంది. విరుగుడు ఖరీదైనదేం కాదు: ఎదురెదురు గోడలు సమాంతరంగా లేకుండా కాస్త వాలుగా కట్టడం, వెనక గోడకు శబ్దం పీల్చే బోర్డులు, మనుషులు లేనప్పుడు కూడా శబ్దాన్ని పీల్చే మెత్త సీట్లు, మందపాటి తెరలు. ఇవి ప్లాన్ దశలో చేరిస్తే చిన్న ఖర్చు. టైల్స్ అతికించాక చేర్చాలంటే మళ్లీ చందాలే. రేకుల కప్పు వేస్తే ఇంకో ముచ్చట: వాన పడితే శ్రీకృష్ణుడి రాయబారం ఆగిపోతుంది.

బెంగళూరు దగ్గరగా ఉండటం ఈ ఊళ్లకున్న పెద్ద ఆస్తి. హిందూపురం, బాగేపల్లి వంద కిలోమీటర్ల చుట్టుపక్కలే. శనివారం నగరంలో ఆడిన నాటకం సెట్టు, అదే వ్యానులో ఆదివారం మధ్యాహ్నానికి ఊళ్లో దిగొచ్చు. దానికి రెండే షరతులు. స్టేజీ కొలతలు నగరంలోని హాళ్లకు దగ్గరగా ఉండాలి, వ్యాను వెనక్కొచ్చి నేరుగా స్టేజీ ఎత్తుకు ఆనేలా వెనకవైపు తలుపు ఉండాలి. ముందు పోర్టికోకు పెట్టే డబ్బులో పావు వంతు పెడితే ఈ తలుపు వస్తుంది. పదిహేను మంది రాత్రి పడుకునే ఒక పొడుగాటి గది, నాలుగు స్నానాల గదులు కూడా ఉంటే లాడ్జి ఖర్చు తగ్గి సమాజాలు రావడానికి ఒప్పుకుంటాయి.

అయినా నెలకో నాటకంతో తలుపులు రోజూ తెరిచి ఉండవు. రోజూ తెరిపించేది పిల్లలే. ప్రతి చిన్న ఊళ్లోనూ కూచిపూడి, భరతనాట్యం, కీబోర్డు, డ్రాయింగ్ క్లాసులు ఎవరో ఒకరి మిద్దె మీద, రేకుల షెడ్లలో నడుస్తున్నాయి. టైల్స్ నేల మీద అడుగులు వేసీ వేసీ పిల్లలకు మోకాళ్ల నొప్పులు. చెక్క నేల ఉన్న రెండు ప్రాక్టీసు గదులు, నిలువెత్తు అద్దం, బయట తల్లులు కూర్చోడానికి బెంచీలు ఉంటే, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా గంటల లెక్కన అద్దె వస్తుంది. అద్దె చిన్నదే, కానీ నెలనెలా వస్తుంది, ముహూర్తాలతో పనిలేదు. రాత్రి ఎనిమిది తర్వాత అదే గదిలో పద్యనాటకం రిహార్సల్. అందులో ఒక హార్మోనియం, ఒక బీరువా ఉంటే చాలు. తాళం మాత్రం అధ్యక్షుడి ఇంట్లో ఉండకూడదు. ఆయన ఊళ్లో లేడని రిహార్సల్ వాయిదా పడ్డ రోజు నుంచి ఆ సమాజం మళ్లీ స్కూల్ వరండాకే పోతుంది.

డబ్బు సంగతికొస్తే, కట్టడానికి దారులు బాగానే ఉన్నాయి. లాభాపేక్ష లేని సంస్థలకు భవనాలు, స్టూడియో థియేటర్లు కట్టుకోడానికి కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం ఒకటుంది. మెట్రో నగరాల్లో 50 లక్షలు, మిగతా చోట్ల 25 లక్షలు గరిష్ఠం. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం పెట్టాల్సిన సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) ఖర్చుల జాబితాలో కళలు, సంస్కృతి కూడా ఉన్నాయి. బెంగళూరు ఐటీ కంపెనీల్లో పనిచేసే ఊరివాళ్లకు ఆ తలుపు ఎక్కడుందో తెలుసు. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ లేని ట్రస్టుకు ఆ డబ్బు రాదు కాబట్టి ట్రస్టు పని ముందే మొదలుపెట్టాలి. అమెరికా బంధువుల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావమరిది అదే మొత్తం పంపితే విదేశీ విరాళం, దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. మామూలు రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల కార్యక్రమాల ఖర్చు చూపించాలి. వాట్సాప్ గ్రూపులో ఫోన్‌పే నంబరు పెట్టేముందు ఈ తేడా తెలుసుకోవడం మంచిది.

కట్టాక నడపడమే అసలు కష్టం. గ్రానైట్ పలక మీద పేరుకు లక్ష ఇచ్చేవాళ్లు దొరుకుతారు, కరెంటు బిల్లుకు వెయ్యి ఇచ్చేవాళ్లు దొరకరు, బిల్లు మీద పేరు చెక్కరు కదా. మూడు కోట్లు పోగయ్యాయనుకుందాం. రెండు కోట్లతో కట్టి, కోటి డిపాజిట్ చేస్తే 7 శాతం వడ్డీకి ఏడాదికి 7 లక్షలు, నెలకు 58 వేలు. మేనేజరుకు 22 వేలు, వాచ్‌మన్‌కు 13, ఊడ్చే మనిషికి 8, కరెంటుకు 12 పోతే మూడు వేలు మిగులుతాయి. బల్బులకు, చీపుళ్లకు సరి. మూడు కోట్లూ కాంక్రీటులో పోస్తే రెండో ఏడాదికే వంటశాల వెలుగుతుంది. టిక్కెట్టు పెట్టడానికి మొహమాటపడనక్కర్లేదు. 500 రూపాయల లోపు నాటకం, నాట్యం, కచేరీ టిక్కెట్లకు జీఎస్టీ కూడా లేదు. యాభై రూపాయలు పెట్టినా ఉచిత పాసుల రాజకీయం తగ్గుతుంది.

చింతామణి, బాగేపల్లి లాంటి కర్ణాటక వైపు ఊళ్లలో భాష సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. కట్టేవాళ్లు తెలుగువాళ్లయినంత మాత్రాన అది తెలుగు భవనం అవదు, అయితే బతకదు. బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలని అక్కడి చట్టం ఎలాగూ చెబుతుంది. దానికి మించి, ఆ నేలకు రెండు భాషలు కొత్త కాదు. యోగి, కవి కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. బళ్లారి రాఘవ రెండు భాషల్లోనూ వేషం కట్టాడు. అలాంటి చోట ఒక శనివారం తెలుగు, ఒక శనివారం కన్నడం అని గొడవ లేకుండా సర్దుకోవచ్చు.

మరి మొదలు ఎక్కడ? శివమొగ్గ జిల్లాలో హెగ్గోడు అనే పల్లె ఉంది. అక్కడ నీనాసం నాటక సంఘం 1949లో మొదలైంది. వాళ్లకు సొంత రంగమందిరం 1972లో వచ్చింది. మధ్యలో 23 ఏళ్లు హాలు లేకుండానే నాటకాలు ఆడారు. తర్వాత 1980లో నటనా శిక్షణ సంస్థ, 1985లో ఊరూరా తిరిగే నాటక బృందం తిరుగాట పెట్టారు. వ్యవస్థాపకుల్లో ఒకరైన కె.వి. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇప్పటి కమిటీలకు 23 ఏళ్ల ఓపిక ఉండమనడం అన్యాయం. ఒక్క ఏడాది అడగొచ్చు.

దాదాపు ప్రతి చిన్న ఊళ్లోనూ మూతపడ్డ సినిమా హాలు ఒకటుంది. వాలు నేల ఉంది, సీట్లు విరిగినా వరుసలు ఉన్నాయి, పార్కింగ్ ఉంది, జనానికి దారి తెలుసు. తెర వెనక జాగా తక్కువ కాబట్టి ముందు నాలుగు వరుసలు పీకి చెక్కలతో స్టేజీ ముందుకు తేవాలి. యజమాని దగ్గర ఏడాది లీజుకు తీసుకుని, గోడకు ఒక పెద్ద క్యాలెండర్ తగిలించి, 52 శనివారాలు గళ్లు గీయాలి. ఏ గడిలో ఎవరు ఆడతారు, ఎంతమంది వచ్చారు, ఎంత వసూలైంది, ఏ వారం మైకు కూసింది, ఏ వారం బాత్రూమ్ లేక ఆడవాళ్లు మధ్యలో లేచిపోయారు, అన్నీ అందులోనే రాయాలి. ఏడాది చివర ఆ కాగితాన్ని మారతహళ్లి టేబుల్ మీద పరిచి, పక్కన 800 సీట్ల ప్లాన్ పెట్టి, ఆర్కిటెక్టును అప్పుడు పిలవాలి.